కంసుడి కాపలావాళ్ళు

మా పెద్దమ్మ చెప్పే కంసుడి కథ మొదట్లో పెళ్ళి కథలాగే ఉండేది. దేవకికి వసుదేవుడితో పెళ్ళయింది, అత్తవారింటికి సాగనంపుతున్నారు. చెల్లెలంటే ప్రాణం కాబట్టి కంసుడు రథం పగ్గాలు తనే అందుకున్నాడు. పెద్దమ్మ సరిగ్గా ఇక్కడ ఆగేది. మాకు గుండె దడ మొదలయ్యేదీ ఇక్కడే. ఆకాశవాణి మాటల్ని ఆవిడ గట్టిగా అరిచి చెప్పేది కాదు. గొంతు బాగా తగ్గించి, పక్కగదిలో వాళ్ళకి వినపడకూడదన్నట్టు చెప్పేది. "ఒరే మూర్ఖుడా, ఎవర్ని తీసుకెళ్తున్నావో ఆమె ఎనిమిదో బిడ్డ చేతిలోనే నీ చావు." అంతే. పగ్గాలు పట్టిన చెయ్యి చెల్లెలి జుట్టు పట్టుకునేది.

పూతన అన్నా, బకాసురుడన్నా నాకు పెద్దగా భయం వేసేది కాదు. రాక్షసులు రాక్షసుల్లాగే ఉంటారు, వాళ్ళని చూడగానే తెలిసిపోతుంది. కంసుడు అలా కాదు. ఒక్క నిమిషం ముందు వరకూ మంచి అన్నయ్య. ఒక్క మాట విని మారిపోయాడు. మా అన్నయ్య కూడా ఎప్పుడైనా ఎవరి మాటైనా విని ఇలా మారిపోతాడేమో అని అక్కకి రహస్యంగా టెన్షన్ ఉండేదట. ఆ సంగతి ఈమధ్యే చెప్పింది.

ఆ సందర్భంలో వసుదేవుడు బతిమాలుకునే పోతన పద్యం పెద్దమ్మకి నోటికి వచ్చు. "అన్నవు నీవు చెల్లెలికి" అని మొదలుపెట్టి ఒక్క ఊపిరిలో చదివేది. అందులో "మిన్నుల మ్రోతలే నిజము" అనే ముక్క దగ్గర చెయ్యి ఆకాశం వైపు చూపించేది. ఆకాశంలో ఏదో మోత వినిపిస్తే దాన్ని నిజమని నమ్మేసి ఆడపిల్లని చంపేస్తావా అని వసుదేవుడి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. కానీ కథ మొత్తం ఆ మోత నిజమవడం మీదే నడుస్తుంది కదా, ఆ చిక్కు అప్పట్లో మాకు తట్టలేదు.

తర్వాత జరిగే బేరం గురించి చాలామంది గబగబా చెప్పేస్తారు. పెద్దమ్మ మాత్రం తాపీగా చెప్పేది. పుట్టిన ప్రతి బిడ్డనీ తెచ్చి నీ చేతికిస్తాను, దేవకిని వదిలెయ్ అన్నాడు వసుదేవుడు. అన్నట్టే మొదటి కొడుకు కీర్తిమంతుడిని తీసుకెళ్ళాడు. కంసుడు ఆ నిజాయితీకి మెత్తబడి, నాకు ప్రమాదం ఎనిమిదోవాడితోనే కదా, వీణ్ణి తీసుకుపో అని తిప్పి పంపించాడు. మేం ఊపిరి పీల్చుకునేవాళ్ళం. ఇంతలో నారదుడు దిగేవాడు. రేపల్లెలో, యాదవుల్లో పుట్టినవాళ్ళంతా దేవతలే, రాక్షసులని చంపడానికే వచ్చారు, నువ్వు పోయిన జన్మలో కాలనేమివి అని కంసుడి చెవిలో ఊదేవాడు. ఆ తర్వాత సంకెళ్ళు, చెర, పసిపిల్లల చావులు. నాకు నారదుడి మీద ఉన్న కోపం కంసుడి మీద కూడా ఉండేది కాదు. దేవుడు త్వరగా పుట్టాలంటే పాపం త్వరగా పండాలి, అందుకే అలా చేశాడని పెద్దమ్మ వివరణ. నాకది ఇప్పటికీ రుచించదు.

ఇద్దర్నీ వేరువేరు గదుల్లో పెడితే సరిపోయేది కదా అని అందరు పిల్లలూ అడిగే ప్రశ్న మేమూ అడిగాం. "అంత తెలివుంటే వాడు కంసుడెందుకవుతాడు?" అనేది పెద్దమ్మ.

ఆ రోజుల్లోనే బళ్ళో కృష్ణ జననం నాటకం వేశారు. నాకు కంసుడి వేషం వస్తుందని ఎంత ఆశో చెప్పలేను. గొంతు చాలదన్నారు. వసుదేవుడికి ఎత్తు చాలదన్నారు. చివరికి అట్టతో చేసిన ఈటె ఒకటి చేతికిచ్చి చెరసాల గుమ్మం దగ్గర నిలబెట్టారు. నా పని ఒక్కటే, సమయానికి నిద్రపోవడం. డైలాగ్ కూడా లేదు. ఆవులించడానికి మాత్రం అనుమతి ఉంది.

తెర లేచింది. ఆవులించాను, ఈటెకి ఆనుకుని కూలబడ్డాను, కళ్ళు మూశాను. మూశానంటే మరీ పూర్తిగా కాదు. బొమ్మని బుట్టలో పెట్టుకుని వసుదేవుడు వస్తున్నాడు. గుమ్మానికి అడ్డంగా నా కాలు చాచి ఉంది. బుట్ట నెత్తిమీద ఉండటంతో వాడికి కింద ఏముందో కనపడటం లేదు. నా దగ్గరికి వచ్చి ఆగి, పెదాలు కదపకుండా "కాలు తియ్యరా" అన్నాడు. నిద్రలో ఉన్న కాపలావాణ్ణి కదా, ఏం చెయ్యను? కళ్ళు మూసుకునే మెల్లగా కాలు వెనక్కి లాక్కున్నాను. జనం ఒక్కసారిగా గొల్లున నవ్వారు. ఖైదీ పారిపోతుంటే కాపలావాడు మర్యాదగా దారి ఇచ్చాడు మరి.

మాస్టారు తిట్టలేదు కానీ ఆ నవ్వు నన్ను వదల్లేదు. ఇంటికొచ్చి పెద్దమ్మని అడిగాను, నిజం కథలో కాపలావాళ్ళు నిజంగానే నిద్రపోయారా అని. యోగమాయ నిద్రపుచ్చింది అంది. అందర్నీనా? అందర్నీ. కాసేపాగి ఆవిడే మళ్ళీ అంది, "అయినా వాళ్ళలో ఒకడికి మెలకువ వచ్చిందే అనుకో. ఆరుగురు పసివాళ్ళని ఆ గుమ్మంలోంచే తీసుకెళ్ళడం చూసినవాడు, ఏడో ఎనిమిదో బిడ్డ బయటికి పోతుంటే కేకలు పెడతాడంటావా?"

భాగవతంలో అలా లేదు. అక్కడ మాయే అందరినీ నిద్రపుచ్చింది, తలుపులు వాటంతట అవే తెరుచుకున్నాయి. కానీ పెద్దమ్మ ఆ మాట అన్నాక నేను ఈ రకం కథలు వినే పద్ధతే మారిపోయింది. జోస్యం విని భయపడే రాజు మీదికి, పెరిగి పెద్దవాడయ్యే వీరుడి మీదికి చూపు పోవడం మానేసింది. మధ్యలో ఎవరి చేతికో ఆ బిడ్డని ఇస్తారు చూడండి, తీసుకెళ్ళి చంపి రమ్మని. ఆ మనిషి ఏం చేస్తాడా అని చూడటం మొదలుపెట్టాను.

పెద్దమ్మే చెప్పిన చంద్రహాసుడి కథలో ఆ మనుషులు దొరికారు. జైమిని భారతంలో కథ. తల్లీ తండ్రీ లేని పసివాణ్ణి చూసి వీడు ఈ రాజ్యం ఏలతాడని పెద్దలు అనేస్తారు. మంత్రి పేరే దుష్టబుద్ధి (పేరు పెట్టినవాళ్ళకి ముందే తెలుసేమో). కసాయివాళ్ళని పిలిచి, అడవిలో చంపి గుర్తు తెమ్మంటాడు. వాళ్ళకి ఆ ముఖం చూసి చేతులు రాలేదు. పిల్లాడి కాలికి ఆరో వేలు ఉంటే దాన్ని కోసి, అదే గుర్తని తీసుకెళ్ళి చూపించారు. తర్వాత విషం ఇవ్వమని రాసిన ఉత్తరాన్ని మంత్రి కూతురు విషయ తన పేరుగా మార్చేసి అతన్ని పెళ్ళి చేసుకోవడమే అందరికీ గుర్తుంటుంది. నాకు మాత్రం ఆ వేలు కోసినవాళ్ళ తెలివే ముచ్చటేసేది. లేకపోయినా నష్టం లేని వేలు ఏదో చూసుకుని మరీ కోశారు.

కాస్త పెద్దయ్యాక లైబ్రరీలో గ్రీకు కథలు దొరికాయి. అబ్బో, అక్కడ కంసులకి కొదవే లేదు. కన్నబిడ్డే తనని గద్దె దించుతుందని విన్న దేవతల రాజు క్రోనస్, ఎవరినీ నమ్మకుండా పుట్టిన పిల్లల్ని తనే మింగేస్తాడు. జ్యూస్ పుట్టినప్పుడు భార్య రియా గుడ్డలో చుట్టిన రాయి ఇస్తే దాన్నీ మింగుతాడు. ఆర్గోస్ రాజు అక్రీసియస్ మనవడి చేతిలో చస్తావని విని, కూతురు డానేని కంచు గదిలో బంధించి, అయినా బిడ్డ పుట్టేసరికి తల్లినీ బిడ్డనీ పెట్టెలో పెట్టి సముద్రంలోకి వదిలేశాడు. వాళ్ళు సెరిఫోస్ దీవి దగ్గర డిక్టిస్ అనే జాలరికి దొరికారు. ఆ బిడ్డే పెర్సియస్. చాలా ఏళ్ళ తర్వాత ఆటల పోటీలో అతను విసిరిన చక్రం గురితప్పి, చూడ్డానికొచ్చిన ముసలి తాతకి తగిలింది. పగ లేదు, ప్రతీకారం లేదు. వట్టి ప్రమాదం. ఈ ముగింపు చదివి నిరుత్సాహపడిపోయాను. కంసవధ విని పెరిగినవాడికి ఇదేం సరిపోతుంది?

ఈడిపస్ కథ మాత్రం నా లెక్కనంతా తలకిందులు చేసింది. థీబ్స్ రాజు లాయస్ కొడుకు చేతిలో చస్తావని విని, పసివాడి మడమలకి తూట్లు పొడిచి కొండమీద పారేసి రమ్మని గొర్రెలకాపరికి ఇప్పిస్తాడు. కాపరి ఆ పని చెయ్యలేక కోరింత్ నుంచి వచ్చిన ఇంకో కాపరికి ఇచ్చేస్తాడు. ఇంతవరకూ చంద్రహాసుడి కథే. కానీ ఇక్కడ ఆ జాలి వల్లే మొత్తం సర్వనాశనం. తండ్రిని చంపడం, తల్లిని పెళ్ళాడటం, ఊరికి తెగులు రావడం, అన్నీ. సోఫోక్లిస్ నాటకంలో ముసలివాడైపోయిన ఆ కాపరిని పట్టుకొచ్చి నిలదీస్తారు, ఎందుకిచ్చావని. జాలేసి ఇచ్చానంటాడు. అది చదివి చాలా రోజులు ఆ కాపరి తప్పా కాదా అని నాలో నేనే వాదించుకున్నాను. నా తీర్పు ఇప్పటికీ అతని పక్షమే. బిడ్డ కాళ్ళకి తూట్లు పొడిపించినవాణ్ణి వదిలేసి, జాలిపడి బతకనిచ్చినవాణ్ణి బోనులో నిలబెట్టడం ఏం న్యాయం?

ఈ వరసలో నాకు అన్నిటికంటే నచ్చినది ఆలస్యంగా దొరికింది. క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాసిన సైరస్ బాల్యం. చరిత్ర పుస్తకాల్లో సైరస్ అంటే పర్షియా సామ్రాజ్యం స్థాపించిన చక్రవర్తి, క్రీ.పూ. 550 ప్రాంతంలో, ఇప్పటి ఇరాన్ వైపున్న మీడియా అనే రాజ్యాన్ని జయించినవాడు. ఆ మీడియా రాజు ఆస్త్యాగెస్ ఇతనికి తాత అనీ, పుట్టినప్పుడే చంపించబోయాడనీ హెరొడోటస్ కథనం. కూతురి కడుపులోంచి ఒక ద్రాక్షతీగ మొలిచి ఆసియా అంతా పాకినట్టు రాజుకి కల వచ్చింది. కలలకి అర్థం చెప్పేవాళ్ళు నీ మనవడు నీ గద్దె ఎక్కుతాడన్నారు. బిడ్డ పుట్టగానే నమ్మకస్తుడైన హార్పాగస్‌ని పిలిచి చంపెయ్యమన్నాడు.

హార్పాగస్ ఇంటికెళ్ళి ఆలోచించే తీరు నాకు భలే నచ్చుతుంది. అతను దయామయుడేం కాదు, లెక్కలు వేసుకునే మనిషి. రాజు ముసలివాడు, మగపిల్లలు లేరు. రేపు ఆయన పోయి కూతురు గద్దె ఎక్కితే, ఆమె బిడ్డని చంపినవాడిగా నా గతి ఏమిటి? అందుకని ఆ పని పశువుల కాపరి మిత్రదాతెస్‌కి అప్పగించాడు. కాపరి ఇంటికి వెళ్ళేసరికి అతని భార్యకి చనిపోయిన బిడ్డ పుట్టి ఉంది. మన బిడ్డని అడవిలో పెట్టిరా, ఈ బిడ్డని మనం పెంచుకుందాం, చచ్చిపోయిన మనవాడికి రాజభోగంగా అంత్యక్రియలూ జరుగుతాయి అంది ఆవిడ. అప్పుడే బిడ్డని పోగొట్టుకున్న తల్లి అంత స్థిమితంగా అంత మాట ఎలా అనగలిగిందో!

పదేళ్ళ వయసులో గుట్టు రట్టయింది. ఊళ్ళో పిల్లలు రాజు ఆట ఆడుతూ ఇతన్ని రాజుని చేశారు. మాట వినని ఒక దొరబిడ్డని ఇతను కొట్టించాడు. ఆ తండ్రి వెళ్ళి రాజుకి ఫిర్యాదు చేస్తే, పిల్లాణ్ణి పిలిపించి చూశాడు తాత. ముఖంలో తన పోలికలు. మనవణ్ణి ఏమీ అనలేదు. ఆటలో ఒకసారి రాజయ్యాడు కాబట్టి కల నిజమైపోయింది, ఇంక భయం లేదని జోస్యులు నచ్చజెప్పారు. శిక్ష మాత్రం హార్పాగస్‌కి పడింది. అతని కొడుకుని చంపించి, ఆ మాంసమే వండించి, విందుకి పిలిచి అతని చేతే తినిపించాడు. హార్పాగస్ నోరెత్తలేదు. మిగిలిన ముక్కలు మూటగట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఏళ్ళు గడిచాక సైరస్ తిరగబడితే, ఆస్త్యాగెస్ తను చేసినదంతా మర్చిపోయి సైన్యానికి హార్పాగస్‌నే సేనాపతిని చేశాడు. ఆ తర్వాత ఏం జరిగి ఉంటుందో చెప్పక్కర్లేదు కదా. ఇంకో విచిత్రం, గెలిచిన సైరస్ తాతని చంపలేదు, చనిపోయేదాకా తన దగ్గరే ఉంచుకున్నాడు.

ఈ కథ అక్క కొడుకుకి చెప్పినప్పుడు వాడు నోరు తెరుచుకుని విన్నాడు. తర్వాత "మామయ్యా, మరి నువ్వు?" అన్నాడు. వాళ్ళ అమ్మ కంసుడి కథ అప్పటికే చెప్పేసిందిలెండి. మన పురాణాల్లో మేనమామల పరువు ముందునుంచీ అంతంతమాత్రం. కంసుడొకడు, శకుని ఇంకొకడు. వాడికి కోపమొచ్చినప్పుడల్లా నేను కంసమామనే.

నా కథలకి జవాబుగా వాడు చెప్పిన కథ హ్యారీ పాటర్. 2003లో వచ్చిన ఐదో పుస్తకంలో జోస్యం మొత్తం బయటపడుతుంది. హ్యారీ శత్రువైన దుష్ట మాంత్రికుడు వోల్డెమార్ట్ దాన్ని సగమే విన్నాడు. జూలై నెలాఖరులో పుట్టే పిల్లాడు అంటే ఇద్దరికి సరిపోతుంది, హ్యారీకీ, అతని తోటి విద్యార్థి నెవిల్‌కీ. వాడు హ్యారీని ఎంచుకుని, చంపబోయి, తనకి సమఉజ్జీని తనే తయారుచేసుకున్నాడు. నెవిల్‌ని ఎంచుకుని ఉంటే ఏమయ్యేదని మేమిద్దరం గంటలకొద్దీ వాదించుకున్నాం. ఒకటి మాత్రం నేను వాడికి చెప్పాను. వోల్డెమార్ట్ ఆ పని ఇంకొకరికి అప్పగించలేదు, స్వయంగా వెళ్ళాడు. కంసుడూ అంతే, తన చేత్తోనే చేశాడు. ఇలాంటి కథల్లో బిడ్డకి అడ్డుపడాల్సింది తల్లీ, దేవుడూ మాత్రమే. జాలిపడే కాపరికి చోటు లేదు.

మేనల్లుడు అడిగిన ఒక ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది. "తప్పించుకున్నవాడి కథే చెప్తావు. మిగతావాళ్ళు?" ఏసు పుట్టినప్పుడు బేత్లెహేములో రెండేళ్ళు, అంతకంటే తక్కువ వయసున్న మగపిల్లలందరినీ యూదయ రాజు హేరోదు చంపించాడని మత్తయి సువార్తలో ఉంది. హేరోదు గురించి విస్తారంగా రాసిన యూదు చరిత్రకారుడు జోసీఫస్ ఈ సంగతి ప్రస్తావించలేదు కాబట్టి చరిత్రకారులు సందేహిస్తారు. కానీ కన్నకొడుకులు ముగ్గురికి అతను మరణశిక్ష వేయించినది మాత్రం చరిత్రే. పైగా ఇది దుర్మార్గుల పని మాత్రమే కాదు. మే డే నాడు పుట్టినవాడు నిన్ను నాశనం చేస్తాడని మాంత్రికుడు మెర్లిన్ చెబితే, ఆ రోజు పుట్టిన పిల్లల్ని ఓడలో పెట్టి సముద్రంలోకి పంపించినది బ్రిటన్ కథల్లో మంచి రాజని పేరున్న ఆర్థర్. ఆర్థర్ కొడుకు మోర్‌డ్రెడ్ ఒక్కడూ బతికాడు. మన ఇంద్రుడు, తనని చంపే కొడుకు కావాలని దితి వ్రతం చేస్తుంటే, ఆమె గర్భంలో దూరి పిండాన్ని ఏడు ముక్కలు, ఒక్కో ముక్కనీ మళ్ళీ ఏడు ముక్కలు చేశాడు. ఆ 49 మంది మరుత్తులై బతికారు, అది వేరే సంగతి.

వాడి ముఖం చిన్నబోయిందని మంత్రసానుల కథ చెప్పాను. బైబిల్ నిర్గమకాండంలో ఈజిప్టు రాజు ఫరోకి జోస్యమేమీ లేదు, హెబ్రీయులు పెరిగిపోతున్నారన్న భయమే. మగపిల్లాడు పుడితే చంపెయ్యమని షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానులకి చెప్పాడు. వాళ్ళు చంపలేదు. ఎందుకని రాజు అడిగితే, హెబ్రీ స్త్రీలు మహా చురుకు, మేం వెళ్ళేలోపే కనేస్తున్నారు అన్నారు. అంత పెద్ద రాజు ముందు అంత తేలిగ్గా అబద్ధం! మేనల్లుడు పడీపడీ నవ్వాడు. ఆ గ్రంథంలో ఆ ఫరో పేరేమిటో ఎక్కడా లేదు, మంత్రసానుల పేర్లు మాత్రం ఉన్నాయి.

దేవకి ఆరుగురు కొడుకుల సంగతి అక్క చెప్పింది. భాగవతం దశమస్కంధంలోనే, చాలా దూరం వెళ్ళాక వస్తుంది. కృష్ణుడు పెద్దవాడయ్యాడు, యుద్ధాలూ పెళ్ళిళ్ళూ అయ్యాయి. గురువుగారి చచ్చిపోయిన కొడుకుని తెచ్చి ఇచ్చావట కదా, నా ఆరుగురినీ తెచ్చి చూపించమని అడుగుతుంది తల్లి. అన్నదమ్ములిద్దరూ సుతలానికి వెళ్ళి బలి దగ్గరున్న వాళ్ళని తీసుకొస్తారు. ఆవిడ ఒళ్ళో కూర్చోబెట్టుకుని పాలిస్తుంది. తర్వాత వాళ్ళు వెళ్ళిపోతారు. ఈ ఘట్టం పెద్దమ్మ మాకు ఎందుకు చెప్పలేదో తెలియదు.

ఇంక మిగిలింది యశోద కూతురు. కొడుకుకి బదులుగా చెరసాలకి తెచ్చిన పాప. కంసుడు రాతిమీద కొట్టబోతే చేతిలోంచి జారి ఆకాశంలో దేవిగా నిలబడి, నిన్ను చంపేవాడు వేరేచోట పుట్టాడు పోరా అంటుంది. ఆమె దేవి కాబట్టి బాధ లేదని నేను. మరి యశోదకో అని అక్క. ప్రసవం అలసటలో పుట్టింది ఆడో మగో కూడా యశోదకి తెలియలేదని భాగవతంలో ఉంది కదా అంటాను. కన్నతల్లికి తెలియకుండా ఉంటుందా, రాసినవాళ్ళు మగవాళ్ళు కాబట్టి అలా రాశారు అంటుంది. మేం కలిసినప్పుడల్లా ఇది ఒక దఫా అవ్వాల్సిందే. పోయినసారి మేనల్లుడు వాళ్ళమ్మ పక్షం చేరాడు.